పద్మనాభ యుద్ధం నవల రాతప్రతి: అన్నదమ్ముల కథ తేలిపోయిందా?

గోస్తనీ
అచ్చుకు వెళ్ళేముందు అభిప్రాయం చెప్పమని మన చెన్నై చదువరులకు ఇచ్చిన రాతప్రతి పూర్తిచేశాను. భాష బాగుంది. యుద్ధం ఉన్న భాగం మొదలుపెడితే కింద పెట్టనివ్వదు. అన్నదమ్ముల సంగతే నాకు మింగుడుపడలేదు. విజయనగరం రాజు చిన్న విజయరామరాజు మొదటి పేజీ నుంచి దేవుడు, సవతి అన్న సీతారామరాజు మొదటి పేజీ నుంచి రాక్షసుడు. 1760 ప్రాంతం నుంచి 1793 దాకా, మధ్యమధ్య దింపేసినా మళ్ళీ ఎక్కుతూ, విజయనగరం జమీందారీని నడిపింది ఆ అన్నే. అంతకాలం తమ్ముడు అతన్ని ఎందుకు భరించాడు? భయమా, మమకారమా, గతిలేకా? నవల ఈ ప్రశ్న ఎక్కడా వేయదు. అందుకే 1794 జూలై 10న విశాఖ దగ్గర పద్మనాభం కొండ కింద ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరులో రాజు పడిపోయినప్పుడు నాకు కలగాల్సినంత బాధ కలగలేదు. మీకెలా అనిపించింది?

వేపేరి పాఠకుడు
నాకు కలిగింది. మచిలీపట్నం వెళ్ళి నెలకు 1,200 రూపాయల భత్యం మీద బతకమని కంపెనీ అంటే వెళ్ళకుండా పద్మనాభం దగ్గర ఆగిపోయిన మనిషి కథ అది. అన్న మంచివాడా చెడ్డవాడా అన్నది నాకు అడ్డురాలేదు.

సింహాద్రి పిల్ల
గోస్తనీ గారితో సగం ఏకీభవిస్తాను. సీతారామరాజు కనిపించినప్పుడల్లా మీసం దువ్వుకోవడం, కళ్ళు ఎర్రచేయడం. కానీ నా అసలు ఫిర్యాదు వేరు. విజయనగరం కోటలో కాపలావాళ్ళు, బోయీలు, దాసీలు అందరూ బెజవాడ తెలుగు మాట్లాడతారు. కోట లోపల రాజులు గ్రాంథికంగా మాట్లాడినా ఒప్పుకోవచ్చు. గుర్రాల శాలలో మనిషి నోట ‘ఏటి’ అన్న మాట ఒక్కటీ లేకపోతే ఎలా?

శిస్తులెక్క
గోస్తనీ గారి ప్రశ్నకు జవాబు లెక్కల పుస్తకంలో ఉంది, నవలలో లేనిది అదే. కొంచెం వివరంగా చెప్తాను.

జమీందారు కంపెనీకి పేష్కష్ (ఏటా ఇవ్వాల్సిన కప్పం) కిస్తీలుగా, అంటే వాయిదాల్లో, కట్టాలి. కిస్తీ నాటికి ధాన్యం అమ్ముడుపోదు, కాబట్టి షావుకారు దగ్గర అప్పు తేవాలి. షావుకారు జామీను నిలబడితేనే కంపెనీ నమ్మేది. ఆ జామీనుకు బదులు పరగణాల (గ్రామాల సముదాయాల) రాబడి షావుకారుకు రాసివ్వాలి. ఇక కొండ జమీందార్ల దగ్గర కప్పం రావాలంటే సిబ్బందీ, అంటే జమీందారు సొంత సాయుధ బలగం, ఉండాలి. 1784లో జిల్లాలు తిరిగి విచారించే కంపెనీ సర్క్యూట్ కమిటీ విజయనగరానికి 12,000 మందికి పైగా సాయుధులున్నారని రాసి, ఇది కంపెనీకే ప్రమాదం, తగ్గించాలి అంది. తగ్గిస్తే కొండల నుంచి కప్పం రాదు. కప్పం రాకపోతే కిస్తీ తప్పుతుంది. తగ్గించకపోతే వాళ్ళ జీతాలకే రాబడి చాలదు.

ఈ చిక్కుముడిని చేత్తో పట్టుకుని మూడు దశాబ్దాలు లాక్కొచ్చినవాడు సీతారామరాజు. క్రూరంగానే లాక్కొచ్చాడు, అందులో అనుమానం లేదు. కానీ షావుకార్లు ఎవరి మొహం చూసి అప్పిచ్చారు? మద్రాసులో దుబాసీలతో (కంపెనీ దొరల మధ్యవర్తులతో) మాట్లాడగలిగిందెవరు? తమ్ముడు అన్నను భరించడానికి సగం కారణం అక్కడుంది. అన్నను 1793లో మద్రాసుకు పంపేశాక కొద్దికాలానికే జమీందారీ జప్తు, యుద్ధం, చావు వరసగా వచ్చాయి. నవలలో ఇది యాదృచ్ఛికంలా జరిగిపోతుంది.

వేపేరి పాఠకుడు
శిస్తులెక్క గారూ, పాఠకుడికి కిస్తీల పట్టిక చదవాలని ఉండదండీ. తిరుగుబాటు నవలలో తిరుగుబాటు కావాలి.

శిస్తులెక్క
పట్టిక వేయమనడం లేదు. ఒక్క సన్నివేశం చాలు. కిస్తీ గడువు రేపు. షావుకారు గుమాస్తా వచ్చి కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో ఉన్నారు. గుమాస్తా రాజు వైపు చూడకుండా అన్న వైపు చూసి మాట్లాడతాడు. అంతే. రాజు లోపల ఏమవుతుందో పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

గోస్తనీ
ఇదే నేను వెతికింది.

ఆషాఢమేఘం
తేదీలు సరిచూశాను. రాతప్రతిలో యుద్ధానికి ముందురాత్రి ‘నిండు పున్నమి వెన్నెల తెల్లవారేదాకా’ అని ఉంది. 1794 జూలై 10 గురువారం. ఆనంద నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ పక్షం చివరి రోజులు. పౌర్ణమికి ఇంకా రెండు మూడు రోజులుంది. అంటే రాత్రి చాలాసేపు వెన్నెల ఉంటుంది కానీ, చంద్రుడు తెల్లవారడానికి గంటా రెండు గంటల ముందే పడమట దిగిపోతాడు. కంపెనీ సైన్యం కదిలి దగ్గరికొచ్చే వేళకి చీకటి. కథకు ఇది మేలే. వెన్నెల్లో ఎదురుచూసిన శిబిరం మీదికి చీకట్లో శత్రువు రావడం ఇంకా బాగుంటుంది.

ఇంకోటి. ఆషాఢం కాబట్టి మబ్బు. వెన్నెల అసలు కనబడిందో లేదో.

మందుగుండు
మబ్బు మాట వచ్చింది కాబట్టి తుపాకుల సంగతి. ఐదో భాగంలో రాజు మనుషులు ‘గుళ్ళ వాన’ కురిపిస్తారు. అలా కుదరదు.

జమీందారీ సిబ్బందీ దగ్గర ఎక్కువగా ఉండేది వత్తి తుపాకి. నిప్పంటించిన వత్తిని మీటకు బిగించి, మీట నొక్కితే అది పళ్ళెంలోని మందుకు తగులుతుంది. వత్తి ఎప్పుడూ రగులుతూ ఉండాలి. తడిస్తే ఆరిపోతుంది. చీకట్లో వత్తి కొనల ఎర్రటి చుక్కలు దూరానికి కనబడి ఎంతమంది ఎక్కడున్నారో శత్రువుకు చెప్పేస్తాయి. నిమిషానికి ఒక గుండు వేస్తే గొప్ప.

కంపెనీ సిపాయి దగ్గర చెకుముకి తుపాకి. కాగితపు తూటాను పళ్ళతో చింపడం, పళ్ళెంలో చిటికెడు మందు పోసి మూత వేయడం, మిగతా మందు గొట్టంలో పోయడం, గుండూ కాగితమూ దూర్చి ఇనుప కడ్డీతో దట్టించడం, ఎత్తి కాల్చడం. శిక్షణ ఉన్నవాడు నిమిషానికి మూడుసార్లు చేయగలడు. వందగజాలు దాటితే గురి ఉండదు, అందుకే వరసగా నిలబడి అందరూ ఒకేసారి కాలుస్తారు. వాన పడితే దీనికీ కష్టమే, పళ్ళెంలో మందు తడుస్తుంది. కానీ మూత ఉంటుంది కాబట్టి వత్తి కంటే నయం.

పోరు గంటలోపే ముగిసిపోవడానికి కారణం రాజుకు ధైర్యం చాలక కాదు. ఒకవైపు నిమిషానికి మూడు వరస కాల్పులు, పక్కన ఫిరంగులు. ఇంకోవైపు కత్తీ ఈటే పట్టుకుని ఆ వందగజాలూ పరుగెత్తి దాటాల్సినవాళ్ళు. ఆ వందగజాల పరుగును రాయండి. అది ఒక్క పేజీ ఉంటే గుళ్ళ వాన అక్కర్లేదు.

సింహాద్రి పిల్ల
అదే భాగంలో కాపలావాడు అగ్గిపుల్ల గీసి చుట్ట ముట్టించుకుంటాడు 😀 అగ్గిపెట్టె పుట్టడానికి ఇంకా ముప్పై ఏళ్ళకు పైనే ఉంది.

మందుగుండు
అవును, రాసుకునే అగ్గిపుల్ల ఇంగ్లండులోనే 1826 తర్వాతది. చెకుముకి రాయి, ఉక్కుముక్క, దూది. కాపలావాడి దగ్గర రగులుతున్న వత్తి ఎలాగూ ఉంది, దాంతోనే ముట్టించుకుంటాడు.

ఎగ్మోర్ చదువరి
పదవుల్లో తప్పులున్నాయి. అచ్చుకు ముందు సరిచేయాల్సినవి.

రాతప్రతిలో 1793లోనే ‘విశాఖ కలెక్టరు’ రాజును బెదిరిస్తాడు. అప్పటికి విశాఖపట్నంలో ఉన్నది ఛీఫ్ అనే కంపెనీ అధికారి, అతని కౌన్సిల్. ఆ పద్ధతిని 1794లో రద్దుచేశాకే కలెక్టర్లు వచ్చారు. ఇక యుద్ధానికి ఉత్తర్వు గవర్నర్ హోబర్ట్ ఇచ్చినట్టు ఉంది. హోబర్ట్ మద్రాసులో పదవి చేపట్టింది 1794 సెప్టెంబరులో. జూలైలో గవర్నర్ సర్ చార్లెస్ ఓక్లీ. పద్మనాభంలో దాడి నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ ప్రెండర్‌గాస్ట్ పేరు సరిగ్గానే ఉంది.

మద్రాసు ప్రకరణం ఇంకా ఘోరం. సీతారామరాజు ‘హార్బరులో దిగి, దీపస్తంభం చూసి, జార్జిటౌన్ వీధుల్లో’ నడుస్తాడు. 1793లో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. హార్బరు కట్టడం మొదలైందే 1870లలో. మొదటి దీపస్తంభం కోటలో వెలిగింది 1796లో. జార్జిటౌన్ పేరు ఇరవయ్యో శతాబ్దంలో పెట్టింది, అప్పటికది బ్లాక్ టౌన్. ఓడ దూరంగా లంగరు వేస్తే, మేకులు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవలో అలల మీదుగా ఒడ్డుకు చేరాలి. ఈ ఊళ్ళో ఉండే చదువరులు మెరీనా వైపు వెళ్ళినప్పుడల్లా ఆ పేజీ గుర్తొచ్చి నవ్వుకుంటారు. అలా జరగనివ్వకండి.

ఆషాఢమేఘం
సముద్రం మాటకు ఒక చేర్పు. నైరుతి గాలుల కాలంలో కోస్తా వెంట నీటి వాలు ఉత్తరానికి. మద్రాసు నుంచి విశాఖకు ఓడ సులువుగా పోతుంది, విశాఖ నుంచి మద్రాసుకు రావడం నరకం. ఈశాన్య గాలులు మొదలయ్యాక వాలు తిరగబడుతుంది, కానీ అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా తుపాన్లకు భయపడి మద్రాసు రేవులో ఓడలు నిలిచేవి కావు. కాబట్టి సీతారామరాజును ఏ నెలలో ఓడ ఎక్కించారన్నది ముందు తేల్చుకోవాలి. పల్లకీలో నేలమీద తీసుకొస్తే ఈ గొడవే లేదు. దారిలో గోదావరి, కృష్ణ దాటాలి, కథకు అదే ఎక్కువ పనికొస్తుంది.

వేపేరి పాఠకుడు
మీరంతా కలిసి నవలను గెజిటీరు చేసేట్టున్నారు. అగ్గిపుల్ల, దీపస్తంభం సరిచేస్తే నవల గొప్పదైపోతుందా? కథ గుండె ఎక్కడుందో చూడండి. రాజు ఎందుకు చచ్చిపోయాడు? పరువు కోసం. అది రాతప్రతిలో ఉంది.

ఎగ్మోర్ చదువరి
తప్పులు దిద్దినంతమాత్రాన గొప్ప నవల అయిపోదు, నిజమే. కానీ తప్పు ఉన్నచోట పాఠకుడి నమ్మకం జారిపోతుంది. నమ్మకం జారాక పరువు మాట కూడా నమ్మడు.

తూత్తుకుడి తెలుగు
పరువు ఒక్కటే చాలదని చెప్పడానికి తమిళ దేశపు దక్షిణాన కట్టబొమ్మన్ ఏలిన పాంచాలంకురిచ్చి చూడండి. కట్టబొమ్మన్‌ది తెలుగు ఇల్లే, రాజకంబళం కులంవాళ్ళు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి. తమ్ముడు ఊమైదురై పాళయంకోట జైల్లో ఉన్నాడు. 1801 ఫిబ్రవరిలో తప్పించుకుని, కంపెనీ నేలమట్టం చేసిన కోటను ఊరివాళ్ళతో కలిసి కొద్దిరోజుల్లోనే మట్టితో మళ్ళీ లేపాడు. మే 24 దాకా నిలబెట్టాడు. నవంబరు 16న అతనికీ ఉరి. అక్కడ అన్న పోయాక తమ్ముడు అన్న పనిని నెత్తిన వేసుకున్నాడు. పద్మనాభంలో తమ్ముడు పోయేనాటికి అన్న మద్రాసులో కంపెనీ పింఛను మీద ఉన్నాడు. ఈ రెండూ ఐదేళ్ళ తేడాతో జరిగాయి. రెండిట్లోనూ పరువు ఉంది, కానీ ఇంటి లోపలి బంధం పూర్తిగా వేరు. నవల ఆ తేడా ఎందుకొచ్చిందో చూపించాలి.

సింహాద్రి పిల్ల
మరి ఎట్టయపురం? వాళ్ళూ తెలుగు పాళెగాళ్ళే. కంపెనీ పక్కన నిలబడ్డారు కాబట్టి ద్రోహులని కథలన్నీ ఒకే ముద్ర వేశాయి. సీతారామరాజుకు కూడా అదే ముద్ర పడింది.

తూత్తుకుడి తెలుగు
ఎట్టయపురానికీ పాంచాలంకురిచ్చికీ పొలిమేర తగాదాలు కంపెనీ రాకముందే ఉన్నాయి. ద్రోహం అన్న మాటతో ఆ పాత తగాదాను కప్పేస్తే కథ పల్చబడుతుంది. సీతారామరాజు విషయంలోనూ ఆ మాట వాడకుండా రాయగలిగితే రచయిత్రి గెలిచినట్టే.

రాతప్రతి
అన్నీ చదువుతున్నాను. పదవులూ తేదీలూ దిద్దుకుంటాను. సీతారామరాజు విషయంలో మాత్రం నా వాదన వినండి. కథ చెప్పేది రాజు దగ్గర పెరిగిన అంగరక్షకుడు. అతని కంటికి అన్న చెడ్డవాడే. అతని గొంతులో నేను సీతారామరాజుకు న్యాయం చేయబోతే ఆ గొంతు అబద్ధమవుతుంది. రాజు కోసం చావడానికి సిద్ధపడ్డవాడు షావుకారు జామీనుల గురించి ఆలోచించడు.

గోస్తనీ
ఒప్పుకుంటాను, అంగరక్షకుడు న్యాయం చేయక్కర్లేదు. అతనికి అర్థంకానిదేదో అతని కళ్ళముందే జరగాలి. శిస్తులెక్క గారు చెప్పిన గుమాస్తా సన్నివేశంలో అతన్ని తలుపు దగ్గర నిలబెట్టండి. గుమాస్తా చూపు అన్న మీద పడింది అని మాత్రం అతను చెప్తాడు, ‘పొగరు’ అనుకుంటాడు. పాఠకుడికి వేరే తెలుస్తుంది.

శిస్తులెక్క
1778 కూడా వాడుకోండి. గవర్నర్ రంబోల్డ్ సర్క్యూట్ కమిటీని అప్పటికి ఆపేసి, జమీందార్లను మద్రాసుకే రమ్మన్నాడు. అంతదూరం పరివారంతో రావడానికే ఒక ఏడాది రాబడి కరిగిపోయేంత ఖర్చు. అక్కడ రాజు వద్దంటున్నా జగన్నాథరాజును దివాన్‌గిరీ నుంచి తీసి సీతారామరాజును పెట్టారు. రంబోల్డ్ మీద లంచాల ఆరోపణలు బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయాయి, ఆ బిల్లు చివరికి 1783లో వీగిపోయింది. అన్నదమ్ములను బలవంతంగా చేతులు కలిపించిన ఆ రోజు అంగరక్షకుడు అక్కడే ఉంటాడు కదా. రాజు మొహం అతను చూసే ఉంటాడు.

ఇంకొక పెద్ద లోపం: కరువు. 1790 నుంచి 1792 దాకా ఉత్తర సర్కారుల్లో (విజయనగరం ఉన్న కోస్తాలో) ఘోరమైన కరువు. రాతప్రతిలో ఆ ఏళ్ళలో కోటలో పెళ్ళి, పట్టు పరుపులు, విందులో టమాటా పులుసు. రైతు పోయాడు, ఊరు పాడుబడింది, బకాయి మాత్రం అలాగే నిలిచింది. జప్తుకు అసలు దారితీసిన ఆ బకాయి వెనక కరువు లేకుండా 1793 అర్థంకాదు.

సింహాద్రి పిల్ల
టమాటా పులుసు నేను చూడలేదే! అది చింతపండు పులుసు చేసేయండి, గొడవ ఉండదు.

మైలాపూర్ మామ్మ
అందరూ మగవాళ్ళ తగువే చూస్తున్నారు. ఈ తగువు మొదలైందే ఒక రాణి నిర్ణయంతో. 1757లో బొబ్బిలి యుద్ధం ముగిసిన కొద్దిరోజులకే పెద విజయరామరాజు గుడారంలో హతుడయ్యాడు. తర్వాత వచ్చిన ఆనందరాజు కూడా మశూచికంతో పోయాడు. పెద విజయరామరాజు భార్య దత్తత తీసుకుంది చిన్నవాణ్ణి, పెద్దవాడైన సీతారామరాజును కాదు. దీనికి రాతప్రతిలో ఒక్క పేరా.

దత్తత అంటే ఏమిటో ఆలోచించండమ్మా. ఒకే వంశంలో దత్తత కాబట్టి గోత్రం మారదు, కానీ పిండం పెట్టాల్సిన తండ్రి మారిపోతాడు. ఆ రోజు నుంచి శాస్త్రం ప్రకారం ఆ పిల్లవాడు సీతారామరాజు తండ్రి కొడుకు కాడు. వారసత్వం కూడా ఇటు తెగి అటు అతుక్కుంటుంది. అన్న పెద్దవాడై ఉండీ, తమ్ముడు గద్దె మీద కూర్చుంటే కింద నిలబడాలి. ఆ తమ్ముడు ఇక తమ్ముడో కాడో కూడా తెలియదు. సీతారామరాజు జీవితమంతా చేసిన పనికి మూలం ఇక్కడ లేదూ?

గోస్తనీ
మామ్మగారూ, నా మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

వేపేరి పాఠకుడు
ఇది మాత్రం నేనూ ఒప్పుకుంటాను. రాణి ఎందుకు చిన్నవాణ్ణి ఎంచుకుందన్నది పెద్ద ప్రకరణమే అవుతుంది. చిన్నవాడైతే తన మాట వింటాడనా?

మైలాపూర్ మామ్మ
పసివాడైతే ‘అమ్మా’ అని పిలుస్తాడు బాబూ. ఎదిగినవాడు పిలవడు. రాజకీయం అందులోనే ఉంది.

ఎగ్మోర్ చదువరి
రచయిత్రి గారికి, మూల పత్రాలు చూడాలనుకుంటే. ఇంటి దగ్గరే దొరికేవాటితో మొదలుపెట్టండి. విశాఖ జిల్లా మీద 1869 నాటి మాన్యువల్, 1907 నాటి గెజిటీరు ఉన్నాయి. ఎగ్మోర్‌లో పాంథియన్ రోడ్డు మీది కన్నెమరా గ్రంథాలయంలో అడగండి. వాటిలో ఏ సంఘటన ఏ నెలలో జరిగిందో రాసుకున్నాకే గాంధీ ఇర్విన్ రోడ్డులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. అక్కడ ముందు సూచికలు అడగాలి. తేదీ, సంపుటం సంఖ్య చేతిలో లేకుండా ‘విజయనగరం పత్రాలు ఇవ్వండి’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. రెవెన్యూ కన్సల్టేషన్లు, అంటే శిస్తు వ్యవహారాల మీద కంపెనీ చర్చల నమోదులు, తేదీల వారీగా ఉంటాయి. కొన్ని సంపుటాల కాగితం పొడిపొడిగా రాలుతుంది కాబట్టి ఇవ్వకపోవచ్చు. అందుకే ఒకే సంఘటనకు రెండు మూడు తేదీలు రాసుకుని వెళ్ళాలి.

జమీందారు రాసిన ఉత్తరం అక్కడ ఉండేది ఇంగ్లీషు అనువాదంగా. దుబాసీ చేతిలో మాట మెత్తబడుతుంది, లేదా గట్టిపడుతుంది. ‘మీ పాదాలకు’ అని వినయంగా కనిపించే వాక్యం వెనక రాజు నిజంగా ఏ స్వరంలో రాశాడో నవలాకారిణే ఊహించాలి.

తెలుగు కైఫీయతులు కావాలంటే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం, ఇప్పుడు కోట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉంది. ఒక జాగ్రత్త: కైఫీయతు అంటే ఊరి కరణం తన ఊరి పక్షాన చెప్పుకున్న కథ. వంశ గొప్పలు అందులో ఉంటాయి. తేదీకి వాడుకోకండి, గొంతుకు వాడుకోండి.

శిస్తులెక్క
పత్రాల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) కనిపిస్తే తడబడకండి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు సంవత్సరం వస్తుంది. 1204 ఫసలీ అంటే 1794 జూలైలో మొదలై మరుసటి వేసవి దాకా. డబ్బు వరాహాల్లో (బంగారు నాణేల్లో) ఉంటే, వంద వరాహాలకు 350 రూపాయలన్నది 1818లో ఖరారైన లెక్క. అంతకుముందు మారకం ఊరిని బట్టీ ఏడాదిని బట్టీ మారేది. కాబట్టి 1794 మొత్తాలను నవలలో రూపాయల్లోకి మార్చకుండా పత్రంలో ఎలా ఉంటే అలా వాడండి.

తూత్తుకుడి తెలుగు
ముగింపు గురించి ఎవరూ మాట్లాడలేదు. రాజు చావుతో నవల ఆగిపోతుంది. నాకది సరిపోలేదు. కొడుకు నారాయణబాబును కొండల్లోకి తీసుకుపోయి దాచింది కొండ జమీందార్లు. అదే జమీందార్ల దగ్గర విజయనగరం అన్నేళ్ళూ కప్పం కోసం సిబ్బందీని పంపింది. వాళ్ళకు ఈ పిల్లవాడితో రక్తసంబంధం లేదు. అయినా నిలబడ్డారు. కుటుంబ విధేయత గురించి నవల రాసి, అసలైన విధేయత కనిపించే చోట ఆపేస్తే ఎలా?

వేపేరి పాఠకుడు
రక్తసంబంధం లేకపోయినా స్వార్థం ఉంది. విజయనగరం పడిపోతే తర్వాత కంపెనీ నేరుగా తమ మీదికే వస్తుందని వాళ్ళకు తెలుసు. చివరికి జరిగిందీ అదే. పిల్లవాడికి జమీందారీ తిరిగిచ్చినప్పుడు కొండ జమీందార్లను దాన్నుంచి విడదీసేశారు.

తూత్తుకుడి తెలుగు
స్వార్థమూ విధేయతా ఒకే మనిషిలో ఉండకూడదా? ఉన్నాయనే నేనంటున్నది. సీతారామరాజులో కూడా.

మందుగుండు
పద్మనాభంలో రాజు చుట్టూ పడిపోయినవాళ్ళు పారిపోయే దారి ఉండీ పోలేదు. వెనక కొండ, పక్కన గోస్తనీ. వాళ్ళలో ఎవరికి ఏ భూమి ఇనాం ఉందో, ఎవరి తండ్రి ఎవరి కింద పనిచేశాడో ఇద్దరు ముగ్గురి గురించైనా ముందే చెబితే ఆ చివరి పేజీ బలం పదింతలవుతుంది. ఇప్పుడు వాళ్ళు పేర్ల జాబితా మాత్రమే.

రాతప్రతి
ముగింపు యుద్ధం దగ్గరే ఉంచాలని నా పట్టుదల. కొండల కథ మొదలుపెడితే ఇంకో నవల అవుతుంది. అంగరక్షకుడు అక్కడే చనిపోతాడు, తర్వాతి కథ ఎవరు చెప్తారు?

గోస్తనీ
చిన్న ఉపసంహారం చాలు, రెండు పేజీలు, పత్రాల గొంతుతో. పేష్కష్‌ను శాశ్వతంగా ఖరారుచేసిన 1802 శాశ్వత పరిష్కారం నాటికి నారాయణబాబు చేతిలో మిగిలింది 24 పరగణాలు, 1,157 గ్రామాలు, 5 లక్షల పేష్కష్. ఎవరూ ఏడవకుండా అంకెలే చెప్పనివ్వండి.

సింహాద్రి పిల్ల
ఆ ఉపసంహారంలో బొబ్బిలి కూడా రావాలి! 1757లో బతికి బయటపడ్డ పసివాడు చిన్న రంగారావు విజయనగరం కోటలో బందీగా ఉండి, తర్వాత నైజాం సీమకు పారిపోయాడు. విజయనగరం ముక్కలైన 1794లోనే కంపెనీ అతన్ని బొబ్బిలిలో మళ్ళీ కూర్చోబెట్టింది. ముప్పై ఏడేళ్ళ పగ అలా తీరింది, తీర్చింది మాత్రం మూడోవాడు.

ఆషాఢమేఘం
అది రాస్తే పుస్తకం ముందు వంశవృక్షం తప్పనిసరి. ఇద్దరు విజయరామరాజులు, ఒకరు 1757లో పోయినవారు, ఒకరు 1794లో పోయినవారు. పైగా సీతారామరాజు అనగానే అల్లూరిని తలచుకునేవాళ్ళు ఉంటారు. ఆయన తిరుగుబాటు 1922లో మొదలైంది, అంటే పద్మనాభం తర్వాత 128 ఏళ్ళకు. వంశవృక్షంలో దత్తతను చుక్కల గీతతో, పుట్టుకను నిండు గీతతో వేయిస్తే మామ్మగారు చెప్పిన సంగతి బొమ్మలోనే కనబడుతుంది.

రాతప్రతి
చుక్కల గీత వేయిస్తాను. గుమాస్తా సన్నివేశం, కరువు, చీకటి, వందగజాల పరుగు తీసుకుంటున్నాను. ఉపసంహారం ఇంకా ఆలోచించాలి. రాణి ప్రకరణం మాత్రం మొదటి నుంచి రాస్తాను, ఈసారి దత్తత రోజున సీతారామరాజు ఎక్కడ కూర్చున్నాడో కూడా ఉంటుంది.

వేపేరి పాఠకుడు
కూర్చోబెట్టకండి. నిలబెట్టండి.

మైలాపూర్ మామ్మ
రాశాక ఆ ఒక్క ప్రకరణం ముందు నాకు పంపమ్మా. ఇచ్చేవాళ్ళు ఎవరు, పుచ్చుకునేవాళ్ళు ఎవరు, హోమం ఎప్పుడు, పిల్లవాణ్ణి ఎవరి ఒడిలోంచి ఎవరి ఒడిలోకి మారుస్తారు, ఈ వరస తప్పితే పెద్దవాళ్ళు వెంటనే పట్టేస్తారు. భర్త పోయిన స్త్రీ దత్తత తీసుకునేటప్పుడు తంతులో ఏ భాగం తను చేస్తుంది, ఏ భాగం పురోహితుడి చేత చేయిస్తుంది అన్నది వేరుగా చూడాలి. అది సరిచూసి ఇస్తాను.

రాతప్రతి
తప్పకుండా మామ్మగారూ. ముందు మీకే.